పదిహేడో నిబంధన

ఉదయం ఏడున్నరకి టెర్రస్ తలుపుకి నోటీసు అంటించి, కిందికొచ్చి కాఫీ తాగి, బీపీ మాత్ర వేసుకోవాలనుకున్నాడు కార్యదర్శి. అంతకుమించిన ఆశలేవీ ఆయనకు లేవు. ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు భద్రతాధికారిగా చేసి రిటైరైన పాపానికి, అపార్టుమెంటు సంఘం ఈ పదవిని ఆయన మెడకి చుట్టింది. ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళూ ఎదురుపడితే "సార్" అనేవాళ్ళు, వెనకాల "రూల్సుగారు" అనేవాళ్ళు. రెండూ ఆయనకు వినబడేవి.

పిల్లలు పిట్టగోడ ఎక్కుతున్నారని పెట్టిన పదిహేడో నిబంధన అది. టెర్రస్ తలుపుకి ఎప్పుడూ తాళం ఉండాలి. కార్యదర్శి చీటీ రాసిస్తే తప్ప వాచ్‌మన్ తీయకూడదు.

ఆయన నోటీసు అంటించి, వాటర్ ట్యాంకు మూత సరిగ్గా ఉందో లేదో చూద్దామని రెండడుగులు లోపలికి వేశాడు. తాళంచెవి బయట తాళానికే వేలాడుతోంది. అప్పుడే పై అంతస్తుకొచ్చిన వాచ్‌మన్ కొత్త నోటీసు శ్రద్ధగా చదివి, తలుపు మూసి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని దిగిపోయాడు.

సెల్‌ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. కార్యదర్శి తలుపు బాది బాది, చివరికి పిట్టగోడ మీంచి వంగి గేటువైపు అరిచాడు.

"ఏమయ్యా! పైకొచ్చి తలుపు తియ్యి!"

"చీటీ ఉందా సార్?"

"ఆ చీటీ రాసేవాణ్ణి నేనే కదయ్యా!"

"అయితే రాయండి సార్. పోయిన నెల నోటిమాట మీద తీశానని నాకు మెమో ఇచ్చారు కదా."

వాదించే ఓపిక ఆయనకు లేదు. మిగిలిపోయిన నోటీసు వెనక 'తలుపు తియ్యవలెను' అని రాసి, సంతకం పెట్టి వదిలాడు. గాలికి అది గేటు దాకా పోకుండా మూడో అంతస్తు హోమియో డాక్టరమ్మ బాల్కనీలో పడింది. ఆవిడ అచ్చు ఉన్నవైపే చదివింది: 'టెర్రస్ పైకి ఎవరూ వెళ్ళరాదు.' తలెత్తి చూస్తే పైన బనీను వేసుకున్న ఎవడిదో చెయ్యి గాల్లో ఊగుతోంది. వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టింది: 'పైన దొంగ!'

దొంగ కనబడితే అందరూ తలుపులు బిగించుకుని ఇళ్ళలోనే ఉండాలన్నది తొమ్మిదో నిబంధన. ఇరవై మూడు గడియలు వరసగా పడటం కార్యదర్శికి పైదాకా వినబడింది. ఇంత చక్కగా ఏ నిబంధననూ వీళ్ళు పాటించగా ఆయన చూడలేదు.

ఎవరో ఫోన్ చేస్తే పోలీసొచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు.

"ఏ ఇంటికి సార్? వాళ్ళు ఇంటర్‌కమ్‌లో సరేనంటేనే పంపాలి."

ఇంటర్‌కమ్ ఎవరూ ఎత్తలేదు. పైనుంచి కార్యదర్శి గొంతు చించుకున్నాడు.

"అయ్యా, నేను దొంగని కాదు! ఈ రూల్సన్నీ పెట్టింది నేనే!"

"అలాగా? అయితే కిందికి రా, మాట్లాడదాం," అన్నాడు పోలీసు, గేటుకి అవతల నిలబడే.

ఎండ ఎక్కింది. కాళ్ళకి చెప్పులు లేవు. కార్యదర్శి ట్యాంకు నీడలో చతికిలబడ్డాడు. ఈ పాటికి తన మీద తనకే జాలి వేయడం కూడా మానేసింది.

అంతలో తాళం తీసిన చప్పుడైంది. తలుపు తోసుకుని, తడిబట్టల బకెట్టుతో ఆయన భార్య వచ్చింది.

"మీరా! వాకింగుకెళ్ళారనుకున్నాను. గ్రూపులో ఎవడో దొంగన్నారే?"

"దొంగున్నాడని తెలిసే వచ్చావా?"

"ఎండ పోతే బట్టలారవు కదండీ."

ఆయన చూపు ఆమె చేతిలోని చెవి మీద ఆగింది.

"ఇదెక్కడిది?"

"డూప్లికేటు. మీరు పేపరు చదువుకునే టైములో రోజూ వస్తాను. అన్ని ఇళ్ళలోనూ ఉందిలెండి, వాచ్‌మనే చేయించి పంచాడు."

"మరి ఇంతసేపూ ఒక్కరూ వచ్చి తియ్యలేదేం?"

"తీస్తే చెవి ఉందని మీకు తెలిసిపోదూ?" అంటూ ఆమె తీగ మీద దుప్పటి పరిచింది. "కొంచెం ఆ కొస పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటింటికీ రిజిస్టరు పంపాడు. డూప్లికేటు చెవి ఉన్నవాళ్ళు అప్పగించాలి, లేనివాళ్ళు లేదని సంతకం పెట్టాలి, ఉండీ దాచినవాళ్ళ పేరు నోటీసు బోర్డుకెక్కుతుంది. గంటలో ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళూ లేదని సంతకం పెట్టేశారు.

మొదటి సంతకం కార్యదర్శిది.