హావ్ అన్న పాపానికి

నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. ఇవ్వరా? సరే, నవ్వుకోండి, ఇంట్లో ఎలాగూ అలవాటే.

నా పెళ్లాం మీద నాకు బెంగగా ఉండేదంటే ఆవిడేదో ఊరెళ్లిందనుకుంటారు. ఎక్కడికీ వెళ్లలేదండీ బాబూ, ఇంట్లోనే ఉండేది. కాకపోతే నేను లేనప్పుడు ఉండేది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ. నేను పోస్టాఫీసు కౌంటర్లో పగలంతా ముద్రలు గుద్దేవాణ్ణి. పొద్దున నేను గుమ్మం దిగుతుంటే ఆవిడ గుమ్మం ఎక్కేది. తాళంచెవి చేతులు మారేది.

"గ్యాస్ కట్టేశారా?"

"కట్టేశా."

అంతే, ఆ రోజుకి మా ప్రేమాయణం సమాప్తం. పోనీ సెలవులైనా కలుస్తాయా అంటే, నాకు ఆదివారం, ఆవిడకి ఆదివారం తప్ప ఏదైనా.

రోజూ రెండు కప్పుల టీ పెట్టేవాణ్ణి. నాది తాగేసి, ఆవిడదాని మీద మూత పెట్టి వెళ్లేవాణ్ణి. ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి అది చల్లారి మీగడ కట్టేదట. వెచ్చబెట్టుకునే ఓపిక లేక అలాగే తాగేస్తోందని మా అమ్మాయి చెప్పింది. ఆ మాట విన్న రోజు కౌంటర్లో పార్సిల్ మీద కొట్టాల్సిన ముద్ర నా బొటనవేలి మీద కొట్టుకున్నాను.

మా అమ్మాయిని ఇంట్లో హెడ్మాస్టరంటాం. చదివేది ఆరో క్లాసే, అజమాయిషీ మాత్రం ఆ స్థాయిలో ఉంటుంది. బళ్లో చైనీసు నేర్చుకుంటోంది. అక్కడ పాఠం కంటే ఆటపాటే ఎక్కువ. ఒక వారం కుంచెతో అక్షరాలు దిద్దిస్తారు, ఇంకో వారం ఎర్ర కాగితాలు కత్తిరించి పువ్వులు చేయిస్తారు. ఒకరోజు ఇంటికొచ్చి సంచీ విసిరేసి ప్రకటించింది.

"గురువారం ఔటింగు. మ్యూజియంలో చైనా గది, తర్వాత తోటలో టీ మండపం. ఇంటికొకరు తోడు రావచ్చు."

"ఒక్కరేనా?"

"చైనీసు వచ్చినవాళ్లయితే ఇంకొకరు కూడా రావచ్చు."

నాకు చటుక్కున ఉపాయం తట్టింది. వెంటనే టీచరమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, నేను వస్తున్నాను, మా ఆవిడా వస్తుంది. ఆవిడకి చైనీసు కొట్టినపిండి."

"అలాగా! చాలా సంతోషమండీ," అందావిడ. ఆ గొంతులో నవ్వెందుకుందో అప్పుడు నాకు తెలియలేదు.

మర్నాడు గుమ్మం దగ్గర తాళంచెవి ఇస్తూ అన్నాను. "ఏమోయ్, గురువారం ఔటింగుకి తల్లీతండ్రీ ఇద్దరూ రావాలట. రాకపోతే పిల్లకి మార్కులు కోసేస్తారట."

"అటనా?"

"అట."

"ఎవరన్నారట?"

"అందరూ అంటున్నారట."

ఆవిడ నన్ను థర్మామీటరు చూసినట్టు పైనుంచి కిందికి చూసింది. "సరే, సెలవు పెడతాను," అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక నా సంబరం చూడాలి! ఆఫీసుకి సెలవు పెట్టాను, చొక్కా ఇస్త్రీ చేశాను, బూట్లు తళతళలాడించాను. పక్కపక్కన కూర్చుని ఏమేం మాట్లాడాలో మనసులో పేర్చుకున్నాను. కౌంటర్లో ముచ్చట్లు, పైఇంటాయన పిల్లి చేసిన ఆగడం, ఆవిడ నడుంనొప్పి ఎలా ఉందో, అన్నీ. అవన్నీ ఎన్నాళ్లుగానో నా దగ్గర మిగిలిపోయిన మాటలు.

గురువారం బస్సెక్కాం. ఆవిడ కిటికీ పక్కన, నేను ఆవిడ పక్కన. గొంతు సవరించుకుని, "ఏమోయ్..." అన్నాను.

టింగ్!

టీచరమ్మ చేతిలో గంట. హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చి నా బెల్టుకి ఎర్ర కాగితపు తోక కట్టింది. రూలు చెప్పడానికి మాత్రం దానికి మినహాయింపు ఉందట. "నాన్నా, ఈ రోజు బస్సెక్కింది మొదలు తిరిగొచ్చి దిగేదాకా చైనీసే. వేరే మాట వస్తే ఒక్కోదానికి ఒక్కో తోక. నీకేం తోచకపోతే హావ్ అను. సరే అని అర్థం."

నా కొంప మునిగింది. ఇంత చేసి ఆవిడ పక్కన కూర్చుంటే నోరెత్తడానికి లేదు!

ఇంతలో మా ఆవిడ టీచరమ్మ వైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వచ్చినదానిలా చైనీసులో మాట్లాడింది.

"అయ్యబాబోయ్, ఇదెప్పుడు నేర్చావే?"

టింగ్! రెండో తోక.

తర్వాత ఆవిడ నావైపు తిరిగి మెల్లగా ఏదో చెప్పి, చివర్లో ఏదో అడిగింది. నేను హావ్ అన్నాను. మళ్లీ ఏదో అడిగింది. హావ్. పిల్లలు కిసుక్కుమన్నారు. నేనేం పట్టించుకోలేదు. ఆవిడ గొంతు అంతసేపు విని ఎన్నాళ్లయిందో! అర్థం కాకపోతేనేం, ఆపకుండా మాట్లాడితే చాలనిపించింది. అన్నిటికీ హావ్ అంటూ కూర్చున్నాను.

టీ మండపంలో ఆవిడ నా కప్పులో టీ పోసింది. ఎవరైనా టీ పోస్తే నోటితో చెప్పక్కర్లేదు, రెండు వేళ్లతో బల్ల మీద తడితే ధన్యవాదాలు చెప్పినట్టేనని హెడ్మాస్టరు చేసి చూపించింది. నేను తట్టాను. నేను పోస్తే ఆవిడ తట్టింది. రెండు కప్పుల్లోంచీ పొగలు వస్తున్నాయి. ఇద్దరం ఒకేసారి తాగాం. నా కళ్లు చెమ్మగిల్లాయి, ఆవిరి వల్ల అనుకోండి.

సాయంత్రం బస్సు దిగాక నా వెనక తోకలు చీపురులా వేలాడుతున్నాయి.

"ఏమండీ, ఇద్దరూ రాకపోతే మార్కులు కోస్తారన్నారు?" అంది మా ఆవిడ.

నేను వెనక్కి తిరిగి తోకలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

"సాయంత్రం నేను డ్యూటీకి వెళ్లేలోపు హెడ్మాస్టరు నాకు ట్యూషన్ చెబుతోంది. ఈ ఔటింగుకి నేను ముందే పేరిచ్చేశాను. మిమ్మల్నెలా లాక్కురావాలా అని చూస్తుంటే మీరే వచ్చి దొరికారు. ఏమే, మీ నాన్న వేటికి హావ్ అన్నారో చెప్పు."

హెడ్మాస్టరు గడగడా చదివేసింది. "పొద్దున వంట మీదేనా? హావ్. గిన్నెలు కూడానా? హావ్. బట్టలు ఆరేసి మడతపెడతారా? హావ్. అబద్ధమాడినందుకు లెంపలేసుకుంటారా? హావ్. బస్సంతా సాక్షి నాన్నా!"

"అన్యాయం! మరి మొట్టమొదట నెమ్మదిగా ఏదో చెప్పిందే, అదేంటి?"

అది మాత్రం మా ఆవిడే చెప్పింది. "వచ్చే నెల నుంచి నాకు పగటి డ్యూటీ ఇచ్చారు. పొద్దున్నే ఇద్దరం కలిసి టీ తాగి బయల్దేరదామా అని అడిగాను."

తోకలన్నిటితో నడిరోడ్డు మీద నిలబడిపోయాను. "ఇంత మాట నాకు రాని భాషలో చెబుతావా!"

"ఏ భాషలో అడిగినా మీరు హావే అంటారుగా."

అదండీ సంగతి. ఇప్పుడు వంట నాదే, గిన్నెలు నావే, బట్టలు నావే. లెంపలు కూడా ఆ రోజే వేసుకున్నాను, హెడ్మాస్టరు దగ్గరుండి వేయించింది. పొద్దున్నే రెండు కప్పులు బల్ల మీద పెడతాను. మా ఆవిడ నిద్రకళ్లతో వచ్చి కూర్చుని, ఏమీ మాట్లాడకుండా రెండు వేళ్లతో బల్ల మీద తడుతుంది.

ఆ కప్పు మీద పెట్టే మూత ఎక్కడుందో ఇప్పుడు నాకు గుర్తే లేదు.