గౌరవనీయులైన దొర గారికి

ఆ శనివారం పొద్దున కోడలు పెట్టుకున్న పని ఒక్కటే. రెండువందల పన్నెండు మందికి సందేశాలు పంపించేసి, తొమ్మిదిన్నరకల్లా వేడినీళ్ళతో స్నానం చేసి, ఇక మధ్యాహ్నం దాకా ఎవరికీ దొరక్కుండా నిద్రపోవాలి.

ఆ ఇంట్లో ముందు రెండు గదులు జంతువుల ఆసుపత్రి, వెనక మూడు గదులు కాపురం. ఆసుపత్రికి డాక్టరు అత్తగారు. ఇంటా బయటా అందరికీ ఆవిడ డాక్టరమ్మే. ఏ జంతువుకు ఏ టీకా, ఏ మందు, ఏ ఆపరేషను ఎప్పుడో ముప్పై ఏళ్ళుగా అట్టలూడిన ఒక లావుపాటి రిజిస్టరులో రాసుకుని, తనే ఒక్కొక్కరికీ ఫోను చేసి పిలిచేది. కోడలు మూడు నెలలు కూర్చుని ఆ రిజిస్టరునంతా కంప్యూటరులోకి ఎక్కించింది. పెళ్ళి కోసం ఉన్న ఉద్యోగం మానుకుని వచ్చిన పిల్ల. ఈ ఇంట్లో తనకంటూ ఒక కుర్చీ, ఒక పని ఉండాలని ఆమె పడ్డ తాపత్రయం అంతా ఇంతా కాదు. అత్తగారు మాత్రం మొదట్నుంచీ పెదవి విరుస్తూనే ఉంది.

"రేపు టీకాల శిబిరానికి జనం వచ్చారా, సరే. రాలేదా, సోమవారం నీ కంప్యూటరు అటకెక్కుతుంది. నా రిజిస్టరు నాకుంది, నీ వంటిల్లు నీకుంది" అని తేల్చి చెప్పేసింది.

అలా చెప్పి ఊరుకోక, సరిగ్గా పంపబోయే వేళకు కోడలి భుజం మీదుగా తల పెట్టి చదివింది. "మీ దొరకు రేబిస్ టీకా గడువు దాటింది. ఆదివారం మూతికి చిక్కం కట్టి, మెడకు గొలుసు వేసి తీసుకురాగలరు" అని ఉంది. దొర హెడ్మాస్టరు గారి కుక్క.

"ఇదేంటమ్మాయ్, మొహాన కొట్టినట్టు? పైన యజమాని పేరు పెట్టి గౌరవనీయులైన అని రాయి. మర్యాద ఉండక్కర్లా?"

"ఇప్పుడా అత్తయ్యా?"

"మరెప్పుడు, వాళ్ళొచ్చి వెళ్ళాకా?"

కంప్యూటరులో జంతువులకు ఒక పట్టిక, యజమానులకు ఒక పట్టిక ఉన్నాయి. రెండింట్లోనూ మొదటి నిలువు వరుసకు 'పేరు' అనే పేరు. రెండు పట్టికలనూ కలిపి చూపమని అడిగేసరికి జవాబులో రెండు వరుసలు పక్కపక్కనే వచ్చి నిలబడ్డాయి, ఇద్దరి నెత్తినా 'పేరు' అనే బిళ్ళతో. ఒకదానికి 'యజమాని' అని వేరే పేరు తగిలించడం అరనిమిషం పని. తర్వాత చూద్దాంలే అనుకుంది కోడలు. తాను ఎప్పుడో సృష్టించుకున్న ఉత్తుత్తి యజమాని ఒకడున్నాడు. వాడి పేరు 'పరీక్ష', వాడి కుక్క పేరూ 'పరీక్ష'. వాడికి పంపి చూస్తే "గౌరవనీయులైన పరీక్ష గారికి, మీ పరీక్షకు టీకా గడువు దాటింది" అని నిక్షేపంలా వచ్చింది. కోడలు మురిసిపోయి అందరికీ పంపించేసి, ఒళ్ళు విరుచుకుని లేచింది.

స్నానాల గది గుమ్మం దగ్గరే ఫోను మోగింది. అవతల హెడ్మాస్టరు గారి భార్య.

"అమ్మాయ్, సందేశం వచ్చింది. రేపు పరగడుపున తీసుకురావాలా, తిన్నాకైనా ఫర్వాలేదా?"

"తిన్నా ఫర్వాలేదండీ. కరిచే అలవాటుందా?"

"కరవరు గానీ, పొద్దస్తమానం అరుస్తూనే ఉంటారు."

కుక్కకు బహువచనం ఏమిటో కోడలికి అర్థం కాలేదు. పెద్దావిడ, ప్రేమ కాబోలు అనుకుంది. "అయితే మూతికి చిక్కం తప్పనిసరండీ."

అవతలి గొంతు ఆశగా వినిపించింది: "ఆ చిక్కం మీరే ఇస్తారా, బజార్లో కొనుక్కోవాలా?"

ఫోను పెట్టేలోపే ఇంకోటి మోగింది. ఈసారి టైలరు. "అమ్మా, నేనేం పాపం చేశానమ్మా? పిల్లలు పుట్టకుండా నాకు ఆపరేషను చేస్తారట. మా ఆవిడ చదివి, మంచిదే కదా, వెళ్ళండి అంటోంది!"

కోడలు పరుగెత్తుకొచ్చి పంపిన సందేశాలు తెరిచి చూసింది. "గౌరవనీయులైన హెడ్మాస్టరు గారికి, మీ హెడ్మాస్టరుకు రేబిస్ టీకా గడువు దాటింది. మూతికి చిక్కం కట్టి..." అత్తగారు రిజిస్టరులో అసలు పేర్లు ఏనాడూ రాసుకోలేదు, తాను పిలిచేటట్టే హెడ్మాస్టరు, టైలరు, మూడో అంతస్తు అత్తయ్య అని రాసుకుంది. కోడలూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించింది. మూడో అంతస్తు అత్తయ్యకు గోళ్ళు కత్తిరించాలన్న సందేశం ఆవిడ కోడలి ఫోనుకు వెళ్ళింది. ఆ ఇంట్లో ఈపాటికి ఏం జరుగుతోందో తలుచుకోవడానికే భయం వేసింది.

అంతలో మామగారు ఫోను పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. ఏడుపు కాదు, నవ్వు. "మీ డాక్టరమ్మకు నులిపురుగుల మందు వెయ్యాలట. ఎప్పుడు వేస్తావమ్మా? నేను ఊళ్ళో ఉండను."

"మామయ్యా, మందు మన కుక్క మొద్దుకి. రెండు వరుసలకూ ఒకటే పేరొచ్చింది. సందేశాలు రాసేదానికి ఒక పేరుతో ఒక్కటే గుర్తుంటుంది, రెండోది రాగానే మొదటిదాన్ని మర్చిపోయింది. అందుకని రెండు చోట్లా యజమాని పేరే పడింది."

"కుక్కెవరో మనిషెవరో దానికి తెలియదా?"

"మనం ఏ పేరు చెబితే అదే దానికి. చెప్పకపోతే తోచిందేదో అదే పెట్టేసుకుంటుంది."

"మీ అత్తయ్యకు ఇంకా తెలీదుగా?" అన్నాడాయన తలుపు వైపు చూస్తూ.

ఆ మాటతో కోడలికి కంగారు రెట్టింపయింది. అటక, వంటిల్లు, రిజిస్టరు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. రెండోది గుర్తుంటుంది కదా, అయితే వరుసలు అటుదిటు చేస్తే సరి అనుకుని తారుమారు చేసింది. క్షమాపణ గబగబా రాసి, మళ్ళీ చదవకుండానే రెండువందల పన్నెండు మందికీ పంపేసింది. పంపాక చదివింది.

"గౌరవనీయులైన దొర గారికి, పొరపాటున తమరిని నొప్పించినందుకు మన్నించగలరు. టీకా మీ దొరకు మాత్రమే."

మామగారి ఫోను టింగుమంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, నవ్వడం మానేశాడు. "గౌరవనీయులైన మొద్దు గారు అంటే... నేనేనా అమ్మా?"

కోడలు చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా లేచి, ఆ అరనిమిషం పని అప్పుడు చేసింది. ఒక వరుసకు 'యజమాని' అనీ, రెండో వరుసకు 'జంతువు' అనీ వేరువేరు పేర్లు పెట్టింది. సందేశం ముత్యంలా వచ్చింది. పంపబోతుండగా అత్తగారు లోపలికొచ్చి వేలు చూపించింది.

"హెడ్మాస్టరు గారు ఇప్పుడే ఫోను చేశారు. తనకు టీకా, కుక్కకు క్షమాపణా అని అడుగుతున్నారు. ఇంకొక్క సందేశం పంపావంటే కంప్యూటరు కాదు, నువ్వు ఎక్కుతావు అటక!"

ఆదివారం పొద్దున కోడలు కంప్యూటరు తీగలు చుట్టి, అట్టపెట్టె వెతుకుతోంది. ఎవరూ రారు, వచ్చినా తిట్టడానికే వస్తారని ఆమె నమ్మకం. వీధిలో గోల వినిపించి కిటికీలోంచి తొంగిచూసింది. ఆసుపత్రి మెట్ల దగ్గర్నుంచి వీధి మలుపు దాకా జనం. కుక్కలు, పిల్లులు, ఒక చిలక. టైలరు చెయ్యి భార్య గట్టిగా పట్టుకుంది. ఆమె రెండో చేతిలో పిల్లి. హెడ్మాస్టరు గారికి ఒక పక్క భార్య, ఇంకో పక్క దొర, కొత్త చిక్కం మాత్రం ఇంకా ఎవరికీ కట్టలేదు.

"ఇదేంటండీ, ఇంటిల్లిపాదీ వచ్చారు?" అంది డాక్టరమ్మ తెల్లబోయి.

"ఏం చెయ్యమంటారు? మొదట నాకన్నారు. తర్వాత దొరకన్నారు" అన్నాడు హెడ్మాస్టరు గారు. "ఎవరికి వెయ్యాలో మాకు తేలలేదు. అందర్నీ తెచ్చాం, మీరే తేల్చుకోండి."

వెనక నుంచి అందరూ అవునవునన్నారు. డాక్టరమ్మ దొర మెడ పట్టుకుని సూది గుచ్చింది. హెడ్మాస్టరు గారు పైకి లాక్కున్న చొక్కా చెయ్యి మెల్లగా దించుకున్నాడు. టైలరు తన పిల్లిని బల్ల మీద పెట్టి, దానికేసి చూసి కంటతడి పెట్టుకున్నాడు.

సాయంత్రానికి లెక్క చూస్తే నూట ఎనభై మూడు జంతువులు. ముప్పై ఏళ్ళ రిజిస్టరు చరిత్రలో నలభై దాటిన శిబిరం లేదు. డాక్టరమ్మ కుర్చీలో కూలబడి, చాలాసేపు కోడలి వైపు చూసి, ఆ రిజిస్టరును తనే తీసుకెళ్ళి అటక మీద పెట్టి వచ్చింది.

"అత్తయ్యా, తప్పు నాదే" అంది కోడలు. "కానీ నిన్ననే సరిచేశాను. రెండు వరుసలకూ వేరే పేర్లు పెట్టాను. ఇక ఎప్పటికీ ఇలా జరగదు."

"సరిచేశావా?" డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

అలా కోడలి ఉద్యోగం ఖాయమైంది. అందులో ఆమెకు అప్పజెప్పిన మొదటి పని, సరిచేసినదాన్ని మళ్ళీ చెడగొట్టడం.