పాల పద్దులో ప్రథమ స్థానం

తాగుడు మీద ఏ ప్రాంతంలో ఇంటింటికీ ఎంత ఖర్చవుతోందో లెక్కగట్టి, రంగుల పటం వేయిస్తున్నామని మంత్రిగారు ప్రకటించారు. ఎరుపు వచ్చిన ప్రాంతం సిగ్గుపడాలి. పసుపు వస్తే ఆలోచించుకోవాలి. పచ్చ వస్తే మంత్రిగారే స్వయంగా వచ్చేస్తారు. ఇంత శాస్త్రీయమైన ఆలోచన తట్టిన రోజున ఆయన రెండు పూటలా ఉపన్యాసమిచ్చారు, పాపం.

ఆ శాస్త్రం ఓ బుధవారం ఉదయం పదకొండింటికి కుట్టుమిషనామె గుమ్మం ముందుకొచ్చింది. చేతిలో ట్యాబ్‌తో సర్వేకొచ్చిన లెక్కల మేడమ్ స్టూలు మీద కూర్చుంది.

“తాగుడు మీద నెలకెంతమ్మా?”

“మా ఇంట్లోనా? అబ్బే!”

లోపలి గదిలో మొగుడి గురక ఓసారి ఆగి, మళ్లీ అందుకుంది.

“వాడికి వాసనే పడదమ్మా,” అంది అత్తగారు, ఖాళీ బీరు సీసాతో రొట్టె ఒత్తుతూ.

“సంతోషం. కానీ మీ ఆదాయం పద్నాలుగు వేలు, చెప్పిన ఖర్చులు పదివేలు. మిగతా నాలుగు వేలూ ఎటో ఒకవైపు చూపించందే ఈ ట్యాబ్ ముందుకు కదలదు.”

పక్కింటి వదిన కిటికీ రెక్క ఓరగా తెరుచుకుంది. కుట్టుమిషనామె అటోసారి చూసింది.

“పాలని రాసుకోండి. మా పాప బాగా తాగుతుంది.”

“నాలుగు వేల పాలా?”

“ఎదిగే పిల్ల కదండీ.”

పాపకు నాలుగేళ్లు. అది తాగే పాలల్లా పిల్లల కేంద్రంలో పొద్దున్నే పోసే ఒక్క గ్లాసు. ఆ పాలుంచే ఫ్రిజ్ మీద తనకు మహా ప్రేమ. దాని అద్దం తలుపు మీద కుందేలు బొమ్మ అంటించింది కూడా.

మేడమ్ నాలుగు వేలూ పాల పద్దులో నొక్కేసింది. పక్కింటి వదిన ఓడిపోయే మనిషా? ఆరు వేలంది. వీధి చివరికొచ్చేసరికి పాలతో స్నానాలు చేసినా అవ్వనంత లెక్క తేలింది.

పటం పచ్చబడింది. మంత్రిగారు వచ్చారు.

“ఈ వీధి మగవాళ్లను చూస్తుంటే నా కళ్లు చెమరుస్తున్నాయి!” అన్నారు.

ముందు వరసలో మగవాళ్లంతా ఐకమత్యంగా ఒకరి మీద ఒకరు వాలి ఉన్నారు. కుట్టుమిషనామె మొగుడు ఒక చేత్తో సర్టిఫికెట్టు, రెండో చేత్తో మైకు స్టాండు పట్టుకుని, ఫొటో అయిపోయినా స్టాండు వదల్లేదు.

వారం తిరక్కుండా పిల్లల కేంద్రంలో పాలు ఆగిపోయాయి.

“పాల ఖర్చులో మీ వీధే ఫస్టటగా! మళ్లీ ఇక్కడెందుకని పైనుంచి కాగితమొచ్చింది,” అంది టీచరమ్మ. “ఫ్రిజ్జు కూడా మిగులు సామాను కింద వేలానికి పట్టుకెళ్లారు.”

కుట్టుమిషనామె పాపను చంకనేసుకుని సర్వే ఆఫీసుకెళ్లింది. ఖాళీ గ్లాసు పాప చేతిలోనే ఉంది. ఆఫీసరుగారి గోడ మీద ఆ ఫొటో వేలాడుతోంది, మొగుడూ స్టాండూ సహా.

“సార్, అవి పాలు కాదండీ.”

“మరి?”

పెళ్లయిన ఆరేళ్లలో ఎవరి ముందూ అనని మాట.

“తాగుడండీ. మా ఆయన తాగుతాడు.”

ఆఫీసరుగారు లేచి తలుపు వేసొచ్చారు. “ఆవేశపడకమ్మా. ఒక్క ఇల్లు తాగినా పటం పసుపైపోతుంది. సర్వే లెక్క కింద నీ వేలిముద్ర కూడా ఉంది. ఇంతకీ అబద్ధం అప్పుడు చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా?”

“అప్పుడండీ.”

“అప్పుడైతే జరిమానా. ఇప్పుడైతే క్షమించేస్తాం. బాగా ఆలోచించుకుని చెప్పు.”

ఆమె పాప వైపు చూసింది. జరిమానా ఎంతో అడిగింది. ఆయన చెప్పారు.

“ఇప్పుడేనండీ,” అంది చివరికి. “మరి పాపకు పాలో సార్?”

“మూడేళ్లకు మళ్లీ సర్వే ఉంది. ఈలోగా కాస్త తగ్గించమను.”

“మా ఆయన్నాండీ?”

“పాపని.”

తిరిగొచ్చేసరికి వీధి చివర బ్రాందీ కొట్టు ముందు పెద్ద వరస. కొట్టులోకి కొత్తగా నిలువెత్తు ఫ్రిజ్ వచ్చింది. సీసాలు చల్లగా చెమటలు పట్టి ఉన్నాయి. అద్దం తలుపు కింది మూల కుందేలు బొమ్మ.

“అమ్మా, మా పాల ఫ్రిజ్జు!”

పాప చంకలోంచి జారి, ఒక్క పరుగున వెళ్లి, వరసలో నాన్న వెనకాల గ్లాసు పట్టుకుని నిలబడింది.