శని, ఆదివారాలు లేని ఇల్లు

ఉద్యోగం మానకుండా ఎంబీఏ చదవడానికి సీటు రాగానే, నిబంధన ప్రకారం విద్యాసంస్థవారి వ్యాను వచ్చి శశిధర్ ఇంట్లోని శని, ఆదివారాలను రెండేళ్ళకు సరిపడా ఎక్కించుకుని వెళ్ళింది. డ్రైవరు మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచే లోపలికి వచ్చాడు. విశాఖపట్నంలో ఇలాంటి వ్యాన్లు కొత్తేమీ కాదు కాబట్టి వాచ్‌మన్ బండి నంబరు రాసుకుని గేటు తీశాడు.

ఆ వారం నుంచి వాళ్ళ ఫ్లాట్‌లో శుక్రవారం రాత్రి పడుకుంటే సోమవారం తెల్లవారేది. శశిధర్ మాత్రం ఆ రెండు రోజులూ క్లాసులో ఉండేవాడు, అవి ఉన్నది అక్కడే కదా. సోమవారం యథాప్రకారం మందుల కంపెనీకి వెళ్ళి కొనుగోళ్ళ మేనేజరు కుర్చీలో కూర్చునేవాడు. భార్య నళిని పాపకు తలంటు గురువారానికి మార్చుకుని సర్దుకుపోయింది. సోమవారం లేచి తలుపు తీస్తే ఎదురింట్లో ఆదివారం వండిన మాంసం కూర వాసన ఇంకా వరండాలోనే ఉండేది. అప్పుడు మాత్రం ఆవిడకు ఒళ్ళు మండేది.

అసలు చిక్కు పాప మేదిని దగ్గర వచ్చింది. దాని ఎనిమిదో పుట్టినరోజు ఆ ఏడు శనివారం పడింది. ఇంట్లో శనివారమే లేనప్పుడు పిల్లకు ఎనిమిదేళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

శశిధర్ సంస్థకు వెళ్ళి అడిగాడు.

"ఆ ఒక్క శనివారం వెనక్కిస్తాం సార్. కాకపోతే ఆ రోజు మీ గ్రూపు ప్రెజెంటేషన్. మానేస్తే ఏడాది పోతుంది," అంది కోఆర్డినేటరు.

ప్రమోషన్ అంతా ఈ పట్టా మీదే ఉంది. ఇంటికొచ్చి, "వచ్చే ఏడు రెండూ కలిపి చేద్దాంలే తల్లీ," అన్నాడు. మేదిని మారాం చెయ్యకుండా ఒప్పేసుకుంది. అలా ఒప్పేసుకోవడమే నళినికి నచ్చలేదు.

ఎదురింటి పరదేశినాయుడు జాలిగుండె మనిషి. "మా శనివారంలో ఓ పూట అట్టుకెల్లండమ్మా. తోడుకి పెరుగిచ్చినట్టే గదేటి," అన్నాడు. ఆ పూటలోనే కేకు కోశారు. కానీ శనివారం నాయుడిది కావడంతో వయసూ ఆయనకే పెరిగింది. పాపం, ఆ పెద్దాయన ఇంకో ఏడాది నెత్తిన వేసుకుని, పిల్లకు అక్షింతలు వేసి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు పుట్టినరోజు ఆదివారం పడింది. ఆ రోజు ఫైనల్ ప్రాజెక్టు. బడిలో వయసు చాలలేదని మేదినిని పాత తరగతిలోనే ఉంచారు, స్నేహితురాళ్ళంతా పైకి వెళ్ళిపోయారు. "పోనీలే నాన్నా, పాత గౌన్లన్నీ సరిపోతున్నాయిగా," అని అదే తండ్రిని ఓదార్చింది. శశిధర్ దాని తల నిమిరాడు. తర్వాత స్లైడ్లు సరిచూసుకోవడానికి లేచాడు.

పట్టా ఇచ్చిన వారం వ్యాను తిరిగొచ్చింది. శని, ఆదివారాలన్నీ హాలు మధ్యలో దించి, సంతకం తీసుకుని వెళ్ళారు. నళిని పాయసం వండింది. పాపను పీట మీద కూర్చోబెట్టి, హారతి పళ్ళెం పట్టుకుని భర్తను పిలిచింది.

"రండి. రెండేళ్ళూ ఒకేసారి వచ్చేస్తాయంట. మీరు దగ్గరుండి చూడాలి."

శశిధర్ వస్తూనే ఉన్నాడు. కొత్త హోదాలో అది అతని మొదటి శనివారం. ఫోన్ మోగింది. "రెండు నిమిషాలు," అని గదిలోకి వెళ్ళాడు.

బయటికి వచ్చేసరికి పీట మీద తొమ్మిదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. చేతులు పొడుగయ్యాయి, గౌను భుజాల దగ్గర కుట్లు విడిపోయాయి. నళిని హారతి ఇచ్చేసింది, కర్పూరం ఆరిపోయింది.

"కాల్ అయిపోయిందా నాన్నా?" అని పిల్ల పెద్దరికంగా అడిగింది.

శశిధర్‌కు ఏడుపొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ పరదేశినాయుడు లోపలికి వచ్చి భుజం తట్టాడు.

"ఊరుకోండి బాబూ. మా ఇంటికి ఏ వ్యానూ రానేదు. అయినా మావోడు ఎప్పుడెదిగాడో నానూ సూడనేదు."