పద్నాలుగో నంబరు కుర్చీ

ఆ ఉదయం ఆ ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త స్నానం ముగించేలోగా వీధి మలుపులో మూత లేని మ్యాన్‌హోల్‌ని ఫోటో తీసి "మన వీధి వార్తలు" పేజీకి పంపాలి. ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి కుట్టుమిషను ముందు కూర్చోవాలి. ఆ పేజీకి ఎవరైనా వార్త పంపవచ్చు. ఆమె పంపినవాటి కింద "వీధి కన్ను" అని పడేది. ఆ కన్ను తన ఇంట్లోనే ఉందని పురపాలక కార్యాలయంలో గుమాస్తా అయిన భర్తకు తెలియదు.

మూత కోసం మూడు అర్జీలు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. నిన్న అత్తగారు అందులో పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అందుకే ఫోటో తీసి ఊరుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. వరండాలో పడున్న పాత కుర్చీని తెచ్చి గుంత మీద నిలబెట్టి, ఎర్ర గుడ్డపీలిక కట్టి, ఆ ఫోటోనే పంపింది.

తొమ్మిదిన్నరకు భర్త ఫోన్ చేశాడు.

"వరండాలో కుర్చీ ఉందా?"

"ఏ కుర్చీ?"

"కాలు బిగిద్దామని ఆఫీసు నుంచి ఎవర్నీ అడక్కుండా తెచ్చానే, అది! ఖాళీగా ఉన్న హెడ్ గుమాస్తా సీటుది. వెనకాల ఆఫీసు పేరు, పద్నాలుగో నంబరు ఉన్నాయి. ఎవడో వీధి కన్నట, వాడి కన్ను పేలిపోనూ, ఫోటో పెట్టాడు. ఆఫీసరు కుర్చీలన్నీ లెక్కపెట్టిస్తున్నారు. రేపే ప్రమోషన్ల జాబితా! నా కొంప మునిగింది."

ఆమె కుడికన్ను టపటపా కొట్టుకుంది.

కుర్చీ తీసేస్తే బడిపిల్లలు గుంతలో పడతారు. ఉంచితే మొగుడి ప్రమోషన్ అందులో పడుతుంది. చేతిలో ఉన్నది కుట్టుపనే కాబట్టి ఆమెకు తట్టిన ఉపాయమూ అదే. పది నిమిషాల్లో కుర్చీ వీపుకు ఎర్రటి తొడుగు కుట్టి, పరుగున వెళ్లి తొడిగింది.

నంబరు కనబడకుండా పోయింది. జనం మాత్రం రెట్టింపయ్యారు.

"గుంత మీద కుర్చీకి తొడుగు కూడానా! ఎవరో పెద్దమనిషి వచ్చి కూర్చుంటాట్ట!" అన్నాడొకడు ఫోన్ ఎత్తి పట్టుకుని. ఇంకో ఎనిమిది ఫోన్లు లేచాయి.

అంతలో పక్కవీధి పంతులమ్మ తొడుగును పట్టి చూసింది. "ఇది నా జాకెట్టు గుడ్డ! పీలిక కూడా మిగల్లేదన్నావు కదమ్మా?"

ఫోన్లన్నీ ఇల్లాలి వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. ముందు ఆఫీసరు దిగాడు. వెనక భర్త, చేతిలో సామాన్ల రిజిస్టరుతో, సున్నం కొట్టిన గోడలా దిగాడు.

ఆఫీసరు తొడుగు లాగి నంబరు చూశాడు. "ఎవరు పెట్టారిది?"

భర్త రిజిస్టరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనేనండీ," అంది ఇల్లాలు. "వీధి కన్నూ నేనే. మూడు అర్జీలు పెడితే ఒక్కరూ రాలేదు. కుర్చీ పెడితే మీరే వచ్చారు."

"ఆ కన్ను నీదా!" అన్నాడు భర్త నీరసంగా.

ఎవరో ఈల వేశారు. తొమ్మిది ఫోన్లూ ఇప్పుడు ఆఫీసరు ముఖం మీదికి వచ్చాయి. ఆయన వాటిని ఒక్కొక్కటిగా చూశాడు, మెడ తుడుచుకున్నాడు, నవ్వు తెచ్చుకున్నాడు.

"అసలు సంగతేంటంటే, ఈ కుర్చీ నేనే పెట్టించా. మూత వచ్చేదాకా తాత్కాలిక రక్షణ అన్నమాట. మా గుమాస్తా ఇంటిల్లిపాదీ సాయం చేశారు. ఇలాంటివాళ్లు కావాలండీ ఆఫీసుకి!"

జనం చప్పట్లు కొట్టారు. పంతులమ్మ మాత్రం తొడుగు మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు జాబితాలో భర్త పేరే మొదట ఉంది. దాంతోపాటు, మూత వచ్చేవరకు పద్నాలుగో నంబరు కుర్చీని ఎవరూ కదపరాదని ఆఫీసరు సంతకంతో ఒక ఉత్తర్వు కూడా వచ్చింది.

హెడ్ గుమాస్తా హోదాలో మొదటిరోజంతా భర్త నిలబడే సంతకాలు పెట్టాడు.