వానపాములకూ ఓ చోటు

ఫ్రిజ్‌లో వానపాములు ఉండటం సంసారానికి చాలా మంచిది. ఈ మాటకి మీలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. టైమ్‌టేబుల్ మాస్టారి భార్య కూడా చిట్లించింది. నాలుగు రోజులపాటు చిట్లిస్తూనే ఉండింది.

మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. ముప్ఫై ఇద్దరు టీచర్లూ పద్దెనిమిది సెక్షన్లూ ఉన్న బడికి పందొమ్మిదేళ్లుగా టైమ్‌టేబుల్ వేసేది ఆయనే. ఖాళీ పెరుగు డబ్బాలో తడిమట్టి పోసి, మూతకి సన్నటి చిల్లులు పొడిచి, కూరగాయల అరలో పెడితే ఆ జీవాలు చల్లగా నిద్రపోతాయి, ఎవరి జోలికీ రావు అన్నది ఆయన వాదన. ఆవిడ వాదన చాలా చిన్నది. ఆ డబ్బా పక్కనే ఉన్న పెరుగు డబ్బాలాగే ఉంది.

చివరికి తీర్పు కోసం మాస్టారి తమ్ముణ్ణి పిలిచారు. అదే మేడలో కింది వాటాలో ఉంటాడు. ఫ్రిజ్‌ల మెకానిక్. అతను మోకాళ్ల మీద కూర్చుని, లోపల థర్మామీటర్ పెట్టి, తలుపు మూసి పది నిమిషాలు ఆగి, మళ్లీ తెరిచి చూశాడు. "ఆరు డిగ్రీలుంది వదినా. పాపం, వాటికి ఇంతకంటే సుఖం ఎక్కడ దొరుకుతుంది?" అని తేల్చేశాడు.

వానపాముల సుఖం గురించే ఇంత శ్రద్ధగా ఆలోచించే ఇల్లు మనుషుల సుఖం గురించి ఇంకెంత ఆలోచిస్తుందో మీరే ఊహించుకోండి!

అసలు సంగతి ఏమిటంటే, నెలాఖరున శుక్ర, శని, ఆదివారాలు కలిసి మూడు రోజులు సెలవు వచ్చింది. ఆ మూడు రోజులూ సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో గడపాలని, గాలాలు వేసి చేపలు పట్టాలని ఆ ఇంటి నిర్ణయం. ప్రయాణం మూడు రోజులే. ప్లానింగ్ మొదలై మాత్రం ఇప్పటికి ఇరవై మూడు రోజులైంది.

దీన్ని కొందరు పిచ్చి అంటారు. నేను వరం అంటాను. అసలు ప్రయాణంలో ఏముంది చెప్పండి? బస్సులో కడుపు తిప్పుతుంది, ఛార్జర్ ఇంట్లో మర్చిపోతాం, లాడ్జిలో దిండు రాయిలా ఉంటుంది. ప్లానింగ్‌లో ఈ బాధలున్నాయా? ప్లానింగ్‌లో వాన పడదు. దోమ కుట్టదు. వేసిన ప్రతి గాలానికీ చేప పడుతుంది, అదీ మోచెయ్యంత పొడుగుది! బుద్ధున్నవాడెవడైనా ప్రయాణం మానుకుని ప్లాన్ చేసుకుంటూ కూర్చుంటాడు.

పైగా ప్లానింగ్ కుటుంబాన్ని కలుపుతుంది. మాస్టారి కూతురు కాలేజీ పిల్ల. అన్నానికి పిలిస్తే అరగంటకి గానీ గదిలోంచి రాదు. అలాంటి పిల్ల తనంతట తనే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. దానికి 'గాలం గ్యాంగ్' అని పేరు. ఇప్పటికి నాలుగువందల పన్నెండు మెసేజ్‌లూ పదిహేడు పోల్సూ అయ్యాయి. బస్సులో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలి? టోపీలు ఏ రంగువి కొనాలి? పట్టిన మొదటి చేపకి పేరు పెట్టాలా వద్దా? పెడితే, ఆ తర్వాత దాన్ని తినొచ్చా?

అమ్మని మాత్రం ఆరో రోజున గ్రూపులో కలిపారు. అమ్మకి ఫోన్ చూసే తీరిక ఎక్కడిది అని అంతవరకు ఆగారట. టోపీల దగ్గర రెండేసి ఓట్లు వచ్చి ఆగిపోయింది కాబట్టి అయిదో ఓటు అవసరం పడింది. ఆవిడ నీలం రంగుకి వేసి, కుక్కర్ దించడానికి వెళ్లింది.

ఇక అత్తగారు, అంటే మాస్టారి అమ్మ. డెబ్బై రెండేళ్ల మనిషికి ప్లానింగ్ వల్ల కొత్త స్నేహం దొరికిందంటే నమ్ముతారా? లాడ్జిలో బాత్రూమ్ గడియ సరిగ్గా పడుతుందో లేదో కనుక్కోవడానికి ఆవిడ మేనేజర్‌కి ఫోన్ చేసింది. పడుతుందన్నాడు. లోపలి నుంచా బయటి నుంచా అని మర్నాడు అడిగింది. మూడో రోజు అతను చూసొచ్చి చెప్పాడు. పదో రోజుకి అతని మోకాలి నొప్పి ఈవిడకీ, ఈవిడ నిద్రపట్టని గొడవ అతనికీ తెలిసిపోయాయి. ఇప్పుడు పొద్దున కాఫీ తాగగానే మాట్లాడుకుంటున్నారు. గడియ ప్రస్తావన వచ్చి చాలా రోజులైంది.

మరిది గాలపు కర్రలు నాలుగు తెచ్చి రోజూ సాయంత్రం డాబా మీద సాధన చేస్తున్నాడు. ఇప్పటివరకు పట్టినవి: తువ్వాళ్లు మూడు, దిండు గలేబు ఒకటి, ఎదురింటి రిటైర్డ్ జడ్జిగారి టోపీ ఒకటి. టోపీ తలమీద ఉండగానే పట్టాడు. నీళ్లు లేకుండానే ఇంత సాధించినవాడు నీళ్లుంటే ఆగుతాడా?

ఒకరోజు దారం మొత్తం ఉండలు చుట్టుకుపోయింది. అరగంట కుస్తీ పట్టి, "వదినా, ఇది నీ చేతులకే లొంగుతుంది" అని ఆవిడకి అప్పజెప్పి టీ తాగడానికి కిందికి దిగాడు.

ఆవిడ నీళ్ల ట్యాంకుకి ఆనుకుని కూర్చుని, గాలపు కర్ర ఒళ్లో పెట్టుకుని, ఒక్కో ముడీ విప్పడం మొదలుపెట్టింది. ఇంతలో కూతురు కత్తెర ఎక్కడుందో అడగడానికి పైకి వచ్చింది. తల్లి వేళ్ల మధ్య వేలాడుతున్న కొక్కెం చూసి, తర్వాత వెతుక్కుంటాలే అని దిగిపోయింది. అత్తగారు మెట్ల మీంచి రెండుసార్లు పిలిచింది. "గాలం పట్టుకునుంది నానమ్మా" అని మనవరాలు చెప్పగానే ఊరుకుంది. మాస్టారు సగం మెట్లు ఎక్కి, కొక్కెం చూసి, వెనక్కి తిరిగారు.

చిక్కు పది నిమిషాల్లో వీడిపోయింది. ఆవిడ మరో అరగంట అక్కడే కూర్చుంది.

ఆ అరగంట గురించి కొంచెం చెప్పాలి. ఆవిడ ఒక పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షనిస్టు. దవడ పట్టుకుని వచ్చిన ప్రతి మనిషికీ, రిజిస్టరులోంచి తల ఎత్తకుండా, "కూర్చోండి, పిలుస్తాం" అంటుంది. రోజుకి నలభైసార్లయినా అంటుంది. పదకొండేళ్లుగా అంటోంది. ఆవిడతో ఆ మాట అన్నవాళ్లు మాత్రం ఇంతవరకు ఒక్కరూ లేరు. క్లినిక్‌లో ఫోన్ పిలుస్తుంది, ఇంటికొస్తే కుక్కర్ పిలుస్తుంది. గాలం చేతిలో ఉన్న మనిషిని ఎవరూ పిలవరన్న సంగతి ఆవిడకి ఆరోజే తెలిసింది. పైగా ఊరికే కూర్చున్నట్టు ఉండదు. చూసేవాళ్లకి పని చేస్తున్నట్టే ఉంటుంది! కూర్చుని ఎదురుచూడటమే పనిగా ఉన్న పని ప్రపంచంలో ఇదొక్కటే కదా?

కిందికి దిగాక మాస్టారితో, "నాకూ ఒక కర్ర కొనండి" అంది. ఆయన నవ్వి, "నీకెందుకు, నీకు హాయిగా రెస్టు ఇస్తున్నాం కదా" అన్నారు.

ఆ రెస్టు ఎలాంటిదో గడిచిన ఆదివారం బయటపడింది. ఆరోజు రిహార్సల్. అవును, సరిగ్గానే చదివారు. రిహార్సల్ చెయ్యకుండా సెలవుకి వెళ్లేవాళ్లు పరీక్షకి చదవకుండా వెళ్లే పిల్లల్లాంటివాళ్లని మాస్టారి అభిప్రాయం. ఆయన గోడకి పెద్ద చార్టు తగిలించారు. రోజుకి ఎనిమిది పీరియడ్లు, మూడు రోజులకి ఇరవై నాలుగు. చేపలు పట్టుట, ఒకటి. చేపలు పట్టుట, రెండు. ప్రకృతి పరిశీలన. గ్రూపు ఫోటో. అన్నింటికీ నాలుగు రంగులు. హాలు మధ్య పరిచిన చాపే పడవ. బడి నుంచి తెచ్చిన చేతి గంట ఆయన మోగించగానే అందరూ ఎక్కాలి.

గంట మోగింది. ముందు మరిది ఎక్కాడు. వెనక కూతురు. పడవ కదలదని మాటిస్తేనే ఎక్కుతానని అత్తగారు షరతు పెట్టి, కొడుకు మాటిచ్చాక ఎక్కింది. చుక్కాని దగ్గర మాస్టారు. చాప నిండిపోయింది. ఆవిడ టీ కప్పుల ట్రే పట్టుకుని ఒడ్డున, అంటే గుమ్మంలో, నిలబడి ఉంది.

పడవ నాలుగు సీట్లది. ఇరవై రోజుల కిందటే బుక్ చేశారు.

నాలుగువందల పన్నెండు మెసేజ్‌లలో వానపాములకి చోటు దొరికింది, జడ్జిగారి టోపీకి కొక్కెం దగ్గర చోటు దొరికింది, ఇంకా పట్టని చేపకి పేరు కూడా దొరికింది. అయితే మాత్రం, చిన్న విషయాలు పట్టించుకుంటూ కూర్చుంటే ఇంత పెద్ద ప్లాన్ తయారవుతుందా?

మాస్టారు మాత్రం చార్టులో ఆవిడ వరస చూపించి ఎంతో ఆప్యాయంగా అన్నారు. "చూశావా, నీకు ఇరవై నాలుగూ లీజరే పెట్టాను. ఈ ఇంట్లో ఇంకెవరికీ ఇన్ని ఇవ్వలేదు."

నిజమే. ఆ వరస అంతా ఆకుపచ్చగా ఉంది. ఆయన మనస్ఫూర్తిగా ఇచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ బడి సంగతి తెలిసినవాళ్లకి లీజర్ సంగతీ తెలుసు. లీజర్ ఉన్న టీచరే కదా, రాని టీచరు క్లాసుకి వెళ్లాల్సింది! చార్టు అడుగున చిన్న అక్షరాల్లో సబ్‌స్టిట్యూషన్ అని ఒక గడి ఉంది. టిఫిన్ ప్యాకింగ్, అమ్మ. ఒడ్డుకి టీ ఫ్లాస్కు, అమ్మ. తడిబట్టలు ఆరేయుట, అమ్మ. నానమ్మకి కళ్లు తిరిగినచో, అమ్మ. పట్టిన చేపలు శుభ్రం చేయుట, అమ్మ. ఎర డబ్బా సంరక్షణ, అమ్మ.

అలా చూస్తే ఆ ఇంట్లో మూడు రోజులూ ప్రతి పీరియడ్‌లోనూ పేరున్నది ఆవిడ ఒక్కదానికే. అంతకన్నా గౌరవం ఏం కావాలి?

ఆవిడ చార్టు చివరిదాకా చదివింది. ట్రే చాప అంచున పెట్టింది. పాలు పొంగుతున్న వాసన వస్తే వంటింట్లోకి వెళ్లింది. మాస్టారికి అది ఒప్పుకోవడంలాగే కనపడింది. ఒక్క విషయం చెప్పాలి, ఆ రోజు నుంచి వానపాముల గురించి ఆవిడ మళ్లీ నోరెత్తలేదు. చూశారా, ప్లానింగ్ వల్ల ఇంట్లో ఎంత శాంతి వచ్చిందో!

బుధవారం సాయంత్రం ఆఖరి సమీక్షా సమావేశం. ప్రయాణం రేపు రాత్రే. చాప ఇంకా హాలు మధ్యే ఉంది. టోపీలు నీలంవే వచ్చాయి, నాలుగు. మాస్టారు ఒక్కొక్క అంశం చదివి టిక్కు పెడుతున్నారు. ఎర దగ్గరికి వచ్చేసరికి, స్టాకు చూసి వద్దామని వెళ్లి ఫ్రిజ్ తెరిచారు.

కూరగాయల అరలో చిల్లుల మూత డబ్బాలు రెండున్నాయి.

ఆయన తమ్ముణ్ణి పిలిచి, ఆరు డిగ్రీల్లో వానపాములు పిల్లల్ని పెడతాయా అని లోగొంతుతో అడిగారు. పెట్టినా డబ్బా ఎక్కణ్ణుంచి తెస్తాయన్నయ్యా అన్నాడు తమ్ముడు. రెండో డబ్బా మూత మీద తెల్లటి చీటీ అంటించి ఉంది. గుండ్రటి, తీరైన అక్షరాలు. క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ రాసినట్టు రాసి ఉంది. శుక్ర, శని, ఆది. ఉదయం 5.30 నుంచి 11.00. ఒకరు.

డబ్బా చేత్తో పట్టుకుని ఇద్దరూ హాల్లోకి వచ్చారు. ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, దాన్ని మాస్టారి చేతిలోంచి తీసుకుంది. మూత గట్టిగా ఉందో లేదో నొక్కి చూసుకుంది.

"ఇది నాదండీ. ఒక్క సీటు పడవ ఇంకొకటి చెప్పాను. కర్ర వాళ్లే ఇస్తారట."

కూతురు ఫోన్‌లోంచి తల ఎత్తింది. ఫ్రిజ్ తలుపు వెయ్యకుండా వచ్చిన సంగతే మరిది మర్చిపోయాడు. అత్తగారు మాత్రం చాప మీద కాళ్లు చాపుకుంటూ, "మేనేజర్ నాకు సోమవారమే చెప్పాడు. మంచి పడవేనట, కొత్తగా రంగు కూడా వేశారట" అంది.

మాస్టారు చార్టు వైపు చూశారు. ఆకుపచ్చ వరస చివరిదాకా చూసి, అడుగున ఉన్న చిన్న గడి చూశారు. పందొమ్మిదేళ్లలో ఎంతోమంది టీచర్లు చెప్పకుండా సెలవు పెట్టారు. సబ్‌స్టిట్యూషన్‌కి వెళ్లాల్సిన మనిషే ముందుగా చెప్పి మరీ వెళ్లిపోవడం ఆయన ఎరగరు. ఎర్ర పెన్ను మూత తీశారు, మళ్లీ పెట్టారు.

"మరి పొద్దున మా టిఫినూ అవీ?" అని అడిగారు.

ఆవిడ డబ్బాని మళ్లీ అరలో పెట్టి, ఫ్రిజ్ తలుపు మూసి, తల ఎత్తకుండానే అంది.

"కూర్చోండి. పదకొండు దాటాక పిలుస్తాను."