ఆదిల్ సినిమా మొదటి సీన్

ఆ ఉదయం ఆదిల్ పథకం చాలా చిన్నది. వాళ్లమ్మ ఖాసింబీ పొయ్యి ముట్టిస్తుంది, చాయ్ మరుగుతుంది, పొగలోంచి ఆమె ముఖం కనిపిస్తుంది, తెర మీద సినిమా పేరు పడుతుంది. అంతే. జగిత్యాలలో అతను చదివే డిగ్రీ కాలేజీలో కొమురయ్య సార్ ప్రతి విద్యార్థినీ ఒక సినిమాకు మొదటి సీన్ తీసుకురమ్మన్నారు. తెచ్చాక, తీస్తూ ఏమేం నేర్చుకున్నారో ఆయన ముందు నిలబడి చెప్పాలి.

పోయిన ఏడాది ఆదిల్ ఈ పేపర్ తప్పాడు. ఈసారి కూడా తప్పితే చదువు మాన్పించి దుబాయ్ పంపడానికి తండ్రి అబ్దుల్ రహీం ఏజెంటుతో మాట్లాడి ఉంచాడు. పాస్‌పోర్టుకు దరఖాస్తు కూడా పెట్టించాడు. ఎడారిలో పైపులు మోయడం తన వల్ల కాదని ఆదిల్‌కు తెలుసు. అందుకని తగినంత ముందుజాగ్రత్త పడ్డాడు. సినిమా తీయకముందే, తీస్తూ ఏమేం నేర్చుకున్నాడో బట్టీ పట్టేశాడు.

ఇక మిగిలింది తీయడమే. పెళ్లిళ్ల వీడియోలు తీసే చిన్నాన్న కొడుకు ఆమిర్ దగ్గర కెమెరా అరువు తెచ్చాడు. ఎలా వాడాలో ఆమిర్ చెప్పబోతే "నాకెరుకే" అని లాక్కొచ్చాడు. తీరా చూస్తే వాళ్ల ఊరు కోరుట్లలో పొద్దున్నే కరెంటు పోయింది. వంటింటి చీకట్లో కెమెరాకు ఖాసింబీ కనిపించలేదు, ఆమె ముక్కుపుల్ల మాత్రం మెరిసింది.

"అమ్మీ, బయట వెలుతురు మస్తుగుంది. కట్టెల పొయ్యి సడక్ మీద పెడుదాం," అన్నాడు ఆదిల్.

"ఇంట్ల గ్యాస్ పొయ్యి పెట్టుకొని సడక్ మీద వండుడేందిరా? చూసినోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమనుకోరు. రెండు నిమిషాల పని."

ఏమనుకుంటారో ఆదిల్‌కు తట్టలేదు గాని ఊరంతటికీ తట్టింది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. రోడ్డు మీద పొయ్యి కనిపించిందంటే దానికి ఒకటే అర్థం: వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా వండుకొని, అక్కడే వరసగా కూర్చొని తిని, బళ్లన్నీ ఆపేసే నిరసన. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగే అలవాటు ఎవరికీ లేదు. చేతనైంది తెచ్చి కలిసిపోవడమే.

ముందుగా చూసింది పక్కింటి కిష్టవ్వ. బీడీలు అప్పజెప్పడానికి తట్టతో కార్ఖానాకు పోతున్నదల్లా ఆగిపోయింది.

"ఏం ఖాసింబీ, గింత పని పెట్టుకొని నాకొక్క మాట చెప్పకపోతివి?"

"ఏం పని అక్కా? పోరడు చాయ్ పెట్టుమన్నడు, పెడుతున్న."

"చాయ్‌తోని ఉద్యమం అయితదా? జర ఆగు, బియ్యం తెస్త."

తెచ్చింది బియ్యం ఒక్కటే కాదు. అన్నం వండే పెద్ద గంజు, కందిపప్పు, వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్లందరూ వచ్చారు. ఇంకో పొయ్యి లేచింది. "అక్కా, కెమెరాకు అడ్డం రాకుండ జర అటు జరుగుండ్రి," అని ఆదిల్ బతిమాలాడు. వాళ్లు మర్యాదగా జరిగారు. జరిగింది రోడ్డు అవతలి సగంలోకి. దాంతో రాస్తా పూర్తిగా మూసుకుపోయింది.

ఇంతలో చొక్కా గుండీలు పెట్టుకుంటూ స్కూటర్ మీద లక్ష్మీరాజం దిగాడు. ఊళ్లో ఉద్యమ నాయకుడు ఆయనే. కోరుట్ల కనీవినీ ఎరగని వంటావార్పు పెడతానని నెలల తరబడి చెబుతూ, షామియానా కుదరక ఆగాడు.

"నాకు చెప్పకుండ ఎవ్వలు పెట్టిండ్రిది?"

"అన్నా, ఇది వంటావార్పు కాదు. షూటింగ్," అన్నాడు ఆదిల్.

"తీయి తమ్మీ, మంచిగ తీయి. రేపు టీవీలల్ల రావాలె."

ఆదిల్ మళ్లీ నోరు తెరిచాడు. అప్పుడే వెనకనుంచి అందరూ "జై తెలంగాణ" అన్నారు. ఆ హోరులో నిలబడి ఇది తెలంగాణ కోసం కాదని చెప్పేంత మొనగాడు కాదతను. తనూ "జై తెలంగాణ" అన్నాడు. అబద్ధమేమీ ఆడలేదు, తెలంగాణ అతనికీ కావాలి. కాకపోతే పాస్ మార్కులు ఇంకాస్త తొందరగా కావాలి.

మెట్‌పల్లి నుంచి జగిత్యాల పోయే బస్సు వచ్చి హారన్ మోత మోగించింది. ఖాసింబీ ముఖం మీది ఎండకు బస్సు అడ్డం రాబోతోంది. ఆదిల్‌కు ఒళ్లు మండింది. చేతులు చాపి ఎదురు పరిగెత్తాడు. "బస్సు ఆపుండ్రి. నేను చెప్పేదాంక ఒక్క బండి ముందుకు రావద్దు," అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. లక్ష్మీరాజం మాత్రం కొట్టలేదు.

ఆగిన బస్సులోంచి కొమురయ్య సార్ దిగారు. ఆదిల్ చాపిన చేతులు దించేశాడు.

"ఇయ్యాల నువ్వు సీన్ చూపెట్టాలె గదా?"

"గదే తీస్తున్న సార్."

సార్ పొయ్యిలను, జనాన్ని, వెనక నిలిచిపోయిన లారీలను చూశారు. బస్సు ఎలాగూ కదలదు, పప్పు ఘుమఘుమలాడుతోంది. పోయి వరసలో కూర్చున్నారు. పోలీసులు వచ్చేసరికి ఆయన చెయ్యి విస్తరిలోనే ఉంది.

"ఇక్కడ లీడరెవరు?" అన్నాడు ఎస్సై.

"నేనే," అన్నాడు లక్ష్మీరాజం, కండువా సరిచేసుకుంటూ.

ఎస్సై చూపు కెమెరా మీద పడింది. "అది చూస్తే తెలుస్తదిలే," అని లక్ష్మీరాజాన్ని, ఆదిల్‌ను, విస్తరి ముందు కూర్చున్న సార్‌ను వ్యాన్ ఎక్కించాడు.

స్టేషన్లో కెమెరాలోని క్యాసెట్ తిప్పారు. అందులో పొగ లేదు, మరిగే చాయ్ లేదు, ఖాసింబీ ముఖం అసలే లేదు. కెమెరాలో ఎర్ర లైటు వెలిగితే ఆగినట్టని ఆదిల్ లెక్క. కరీంనగర్ చౌరస్తాలో సిగ్నల్ లైట్లు చూసి నేర్చుకున్న జ్ఞానం అది. అందువల్ల అతను తీస్తున్నాననుకున్నప్పుడల్లా కెమెరా నిద్రపోయింది, ఆపాననుకున్నప్పుడల్లా పనిచేసింది. "కట్టెల పొయ్యి సడక్ మీద పెడుదాం" అన్న మాట స్పష్టంగా వినిపించింది. "ఒక్క బండి ముందుకు రావద్దు" అన్నది ఇంకా స్పష్టంగా వినిపించింది. లక్ష్మీరాజం ఒకేచోట కనిపించాడు, పప్పులో ఉప్పు తక్కువైందంటూ.

"నువ్వు తిన్నవాళ్ల లెక్కలోకి వస్తవు," అన్నాడు ఎస్సై.

"సార్, నన్ను గిట్ల అవమానం చేయద్దు," అన్నాడు లక్ష్మీరాజం. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

ఆదిల్‌కు అవేవీ పట్టలేదు. సీన్ పోయింది, పేపర్ పోయింది, దుబాయ్ విమానం కళ్ల ముందు వాలింది. బెంచీ మీద కూర్చున్న కొమురయ్య సార్ వైపు తిరిగాడు.

"సార్, సీన్ రాలే. గనీ ఏం నేర్చుకున్ననో చెప్త. గా మార్కులన్న ఎయ్యుండ్రి."

"చెప్పు," అన్నారు సార్.

ఆదిల్ కళ్లు మూసుకొని బట్టీ పట్టింది మొత్తం అప్పజెప్పాడు. "ముందుగాల పక్కాగ ప్లాన్ చేసుడు నేర్చుకున్న సార్. ఉన్న సామాన్‌తోనే పని ఎల్లదీసుడు నేర్చుకున్న. పది మందిని జమ చేసి, నేను చెప్పినట్టు నడిపిచ్చుడు నేర్చుకున్న. రేపు ఇంతకన్న పెద్దది చేసే ధైర్యం అచ్చింది."

చెప్పడం అయ్యాక కళ్లు తెరిచాడు. ఎస్సై కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "రాసుకున్నవా?"

"అక్షరం పోకుండ రాసిన సార్."

సాయంత్రం అందరినీ పూచీకత్తు మీద వదిలిపెట్టారు. ఆదిల్ మొదటి ముద్దాయి. లక్ష్మీరాజం ఆ తర్వాత చాలాకాలం అతనితో మాట్లాడలేదు. కొమురయ్య సార్ మాత్రం క్లాసులో ఎవరి సినిమాలోనూ ఇంతమంది నటులు లేరని పాస్ చేశారు. కేసు ఉన్నవాడికి పాస్‌పోర్టు రాదని తేలడంతో అబ్దుల్ రహీం కూడా దుబాయ్ మాట ఎత్తడం మానేశాడు.

ఆ క్యాసెట్‌ను శ్రద్ధగా చివరిదాకా చూసినవాళ్లు ఇప్పటికీ ఇద్దరే: ఒకరు మార్కులు వేశారు, ఇంకొకరు కేసు పెట్టారు.